ఈ-స్పోర్ట్స్ లీగ్‌ల మధ్య ఒప్పందం ఉంటే ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకుంటారా?

లేదు, లీగ్‌లు ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకోవు; ఆటగాడు ఒక దేశపు లీగ్ నుంచి మరో దేశపు లీగ్‌కు వెళ్లేది టీమ్‌తో కుదుర్చుకునే కాంట్రాక్ట్ ద్వారానే.

కారణం సింపుల్. ఆటగాడికి జీతమిచ్చేది టీమ్, లీగ్ కాదు. కాంట్రాక్ట్ గడువు ముగిశాక అతను తనకు నచ్చిన చోటికి వెళ్లొచ్చు. మధ్యలోనే కావాలంటే కొత్త టీమ్ పాత టీమ్‌కు డబ్బు కట్టి తీసుకోవాలి. లీగ్ చేసేదల్లా హద్దులు గీయడం. లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే వీడియో గేమ్‌నే చూడండి: దాన్ని తయారుచేసిన రయట్ గేమ్స్ 2015 సీజన్ నుంచి, బరిలో దిగే ఐదుగురిలో బయటి ప్రాంతం వాళ్లు ఇద్దరికి మించకూడదని రూల్ పెట్టింది. లేకపోతే డబ్బున్న టీమ్‌లు కొరియా ఆటగాళ్లతోనే నిండిపోయేవి, స్థానిక కుర్రాళ్లకు చోటు దొరికేది కాదు.

2018లో కొరియాలోని ఇంచాన్‌లో ఈ గేమ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిచిన చైనా టీమ్ ఇన్విక్టస్ గేమింగ్ ఇందుకు మంచి ఉదాహరణ. ఫైనల్ ఆడిన వాళ్లలో రూకీ, ద షై అనే ఇద్దరు కొరియన్లు, మిగతా ముగ్గురు చైనీయులు. కొరియా లీగ్ ఎవరినీ 'పంపలేదు'. చైనా టీమే వాళ్లతో సంతకం చేయించుకుంది.

చాలామంది పొరపడేది 'పార్ట్‌నర్ టీమ్' అన్న మాట దగ్గర. రయట్‌దే మరో గేమ్ వాలరెంట్ పసిఫిక్ లీగ్‌లోకి 2023లో మన దేశపు గ్లోబల్ ఈస్పోర్ట్స్ అలాగే వచ్చింది. ఆ భాగస్వామ్యం గేమ్ కంపెనీకీ టీమ్‌కూ మధ్య, లీగ్‌లో స్థానం కోసం. ఆటగాళ్ల మార్పిడికీ దానికీ సంబంధం లేదు.