కేప్‌టౌన్‌కు బయలుదేరబోతున్న మేనల్లుడికి

మైలాపూరు, చెన్నై

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ మోటారుసైకిలును ఓడలో మొంబాసా చేర్చి, అక్కడినుంచి కెన్యా, టాంజానియా, జాంబియా, బోట్స్వానాల మీదుగా కేప్‌టౌన్ దాకా వెళ్లాలన్న నీ సంకల్పం నాకు ఎంతో సంతోషం కలిగించింది. అయితే నీవు పంపిన ఆరు పేజీల ప్రణాళికలో అయిదు పేజీలు బండి గురించే ఉన్నాయి, కాగితాల గురించి రెండు వాక్యాలే ఉన్నాయి. చెన్నై రేవులో ముప్ఫయ్యేళ్లు సరుకుల కస్టమ్స్ పనులు చూసే క్లియరింగ్ ఏజెంటుగా పనిచేసినవాడిగా, 2013లో అదే దారిన బండి నడిపినవాడిగా చెబుతున్నాను: బండి పాడైతే ఏదో ఒక ఊళ్లో ఎవరో ఒకరు బాగుచేస్తారు, కాగితంలో తప్పు దొర్లితే మాత్రం దాన్ని దిద్దగలిగినవాడు వేల కిలోమీటర్ల వెనక ఉండిపోతాడు.

అన్నిటికన్నా ముఖ్యం కార్నెట్. బండిని సుంకం కట్టకుండా పరాయి దేశంలోకి తీసుకువెళ్లి, మళ్లీ బయటికి తెస్తామని పూచీపడే పుస్తకమిది. ముంబయిలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ దీన్ని పూచీకత్తు తీసుకుని ఇస్తుంది. ప్రతి ఆకుకూ మూడు ముక్కలుంటాయి. దేశంలో ప్రవేశించేటప్పుడు కస్టమ్స్ అధికారి కింది ముక్కను, విడిచి వెళ్లేటప్పుడు మధ్య ముక్కను చించుకుని, నీ దగ్గర మిగిలే పై ముక్క మీద రెండుసార్లూ ముద్ర వేస్తాడు. ఆ రెండో ముద్ర లేకపోతే బండిని అక్కడే అమ్ముకున్నట్టు భావించి సుంకం అడుగుతారు, ఆ సొమ్ము నీ పూచీకత్తులోంచే పోతుంది. నేను ఒక సరిహద్దులో చీకటి పడుతోందన్న తొందరలో పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకుని, కస్టమ్స్ గది మూసి ఉందని తెలిసి కూడా ముందుకు సాగిపోయాను. ఆ ముద్ర కోసం మర్నాడు రెండు వందల కిలోమీటర్లు వెనక్కి వెళ్లవలసి వచ్చింది. అందుచేత కార్నెట్ పని పూర్తయ్యాకే పాస్‌పోర్టు వరుసలో నిలబడు.

ఇంకొక మెలిక ఉంది. దక్షిణాఫ్రికా, బోట్స్వానా, నమీబియా, లెసోతో, ఎస్వాటినీ ఒకే సుంకాల కూటమి. వాటన్నిటికీ కలిపి ఒకే ఆకు సరిపోతుంది. మొదట అడుగుపెట్టిన చోట ప్రవేశ ముద్ర, చివరకు బండిని ఓడ ఎక్కించే రేవులో నిష్క్రమణ ముద్ర పడాలి. మధ్యలో ఎవరైనా ఆకు చించబోతే, ఈ సంగతి మర్యాదగా వివరించి ఆపు.

కార్నెట్‌కూ, ఆర్టీవో ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌కూ గడువు ఏడాదే. ఓడ ప్రయాణాలు రెండూ ఆ ఏడాదిలోనే ఇమడాలి కనుక ఈ కాగితాలను మరీ ముందుగా తీసుకోవద్దు. తూర్పు ఆఫ్రికాలో మార్చి నుంచి మే వరకు పెద్ద వానలు కురుస్తాయి. మొంబాసాలో బండి నీ చేతికి జూన్‌లో అందేటట్టు లెక్క చూసుకో.

బండిని ఓడలో పంపే కొయ్య పెట్టె విషయంలో పిసినారితనం వద్దు. కొయ్యను వేడిచేసి గానీ పొగబెట్టి గానీ పురుగు లేకుండా చేశారనే అంతర్జాతీయ ముద్ర పెట్టె మీద లేకపోతే దిగే రేవులో చిక్కు వస్తుంది. కంటైనర్‌లో ఇతరుల సరుకుతో కలిపి పంపితే ఘనపు మీటర్ల లెక్కన వసూలు చేస్తారు కనుక ముందు చక్రం, హ్యాండిల్, అద్దాలు విప్పించు. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీయించి, బ్యాటరీ తీగలు విడదీయించు. ఇంజిన్, ఛాసిస్ నంబర్లను పెన్సిల్ అచ్చు తీసి, ఆర్సీతోనూ కార్నెట్‌తోనూ అక్షరం అక్షరం నీవే పోల్చి చూడు. ఓడ రసీదులో నీ పేరు కూడా కార్నెట్‌లో ఉన్నట్టే ఉండాలి.

పచ్చజ్వరం టీకా గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు. అది వేయించుకున్న పది రోజులకు గాని ధ్రువపత్రం చెల్లదు. ఆ పత్రం లేకుండా కెన్యా వంటి దేశాల నుంచి తిరిగివస్తే మనవాళ్లే ఆరు రోజులు విడిగా ఉంచవచ్చు. బీమాకు మొంబాసాలోనే కొమెసా (తూర్పు, దక్షిణ ఆఫ్రికా దేశాల వాణిజ్య కూటమి) పసుపు కార్డు అడుగు. అది కెన్యా, టాంజానియా, జాంబియాలకు పనికివస్తుంది, బోట్స్వానాలో మాత్రం వేరే తీసుకోవాలి.

నేను జాంబెజీ నదిని పంటు మీద దాటాను. ఇప్పుడు జాంబియా, బోట్స్వానాల సరిహద్దులోని కజుంగులా దగ్గర 2021లో ప్రారంభమైన 923 మీటర్ల వంతెన ఉంది. దాన్ని దాటాక బోట్స్వానాలో కసానే నుంచి నాటా వరకు సుమారు మూడు వందల కిలోమీటర్ల రోడ్డు మీద ఏనుగులు తిరుగుతుంటాయి. ఆ దారిలో సాయంత్రం నాలుగు దాటాక బండి నడపనని నాకు మాట ఇవ్వు.

బండికి కావలసిన క్లచ్ కేబుళ్లు, ట్యూబులు, చెయిన్ స్ప్రాకెట్ సెట్టు జనరల్ ప్యాటర్స్ రోడ్డులో దొరుకుతాయి. వాటిని నీ చేతులతో ఒకసారి మార్చి చూసుకుంటే చాలు, అంతకు మించి దాని గురించి బెంగపడనక్కరలేదు.

కార్నెట్ దరఖాస్తును పంపేముందు నకలు నాకు చూపించు. పెట్టెకు మేకులు కొట్టే రోజు చెబితే రేవుకు నేనూ వస్తాను.

ఇట్లు,
మీ మామయ్య