బాబుకి ఆటిజం అని చెప్పారు, ప్లాట్ అమ్మేయమంటారా?

విశాఖ మధురవాడ నుంచి ఒక తల్లి రాసారు, పేరు పెట్టొద్దన్నారు కాబట్టి పెట్టట్లేదు. నాలుగేళ్ళ బాబుకి ఐదు నెలల క్రితం ఆటిజం అని చెప్పారట, తర్వాత తొమ్మిదేళ్ళ పాపని కూడా చూపిస్తే ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం) అన్నారట. వాళ్ళాయనకి పరవాడ ఫార్మాసిటీలో ఉద్యోగం, చేతికి 72 వేలు వస్తాయి. ఆవిడ ప్రైవేట్ స్కూల్లో 19 వేలకి టీచర్‌గా చేసేవారు, బాబుని థెరపీకి తిప్పాలని మానేసారు. ఒక ఎఫ్‌డీ 2.4 లక్షలు, ఆనందపురం దగ్గర 150 గజాల ప్లాట్ ఉన్నాయి. బంధువొకాయన వేరే ఊళ్ళో స్టెమ్ సెల్ చికిత్స చేయిస్తే నయమైపోతుంది ప్లాట్ అమ్మేయండి అంటున్నారట, ఇంకో తెలిసినాయన బాబు భవిష్యత్తు కోసమని నెలకి 5 వేల చైల్డ్ ఇన్సూరెన్స్ ప్లాన్ ఒకటి కట్టించారట. ఏం చెయ్యమంటారు అని అడిగారు.

అమ్మా, ఒకేసారి ఇద్దరి గురించీ వినాల్సి రావడం చిన్న విషయం కాదు, అందులోనూ మీరు కూర్చుని లెక్కలన్నీ రాసి పంపారు, అది చూస్తేనే మీరు ఎంత గట్టిగా నిలబడ్డారో తెలుస్తోంది.

ముందు అర్జెంట్‌ది చెప్తాను. ఆ చైల్డ్ ప్లాన్ మొదటి ప్రీమియం పోయిన వారమే కట్టారు కదా, పాలసీ డాక్యుమెంట్ చేతికొచ్చిన రోజు నుంచి 30 రోజుల్లోపు వద్దు అని రాసిస్తే కంపెనీ క్యాన్సిల్ చేసేయాలి, దీన్ని ఫ్రీ లుక్ పీరియడ్ అంటారు, స్టాంప్ డ్యూటీ లాంటి చిన్న చిన్న ఖర్చులు పట్టుకుని మిగతాది తిరిగిచ్చేస్తారు. ఏజెంట్‌గారికి ఫోన్ చేసి చెప్పి ఊరుకోకండి, కంపెనీకే మెయిల్ పెట్టండి, బ్రాంచ్‌కెళ్ళి లెటర్ ఇచ్చి రిసీవ్డ్ స్టాంప్ కూడా వేయించుకోండి. తెలిసినాయన కదా బాధపడతారేమో అని ఆగకండి, మీ ఇంట్లో ఇప్పుడు నెలకి 5 వేలంటే చాలా పెద్ద డబ్బు.

ఎందుకంటే మీ లెక్క ఇదిగో. ఫ్లాట్ ఈఎంఐ 21,500, థెరపీ 24 వేలు, మధురవాడ నుంచి ఎంవీపీ కాలనీకి ఆటోలు 4 వేలు, పాప స్కూలు నెలకి సర్దితే 4,500, ఇల్లు 18 వేలు, పాత ఎల్ఐసీ 3 వేలు, మొత్తం 75 వేలు. అంటే ఈ కొత్త ప్లాన్ లేకుండానే 3 వేలు తక్కువ పడుతోంది, దాంతో కలిపితే 8 వేలు, ఆ తేడా అంతా క్రెడిట్ కార్డు మీదకెళ్తోందని మీరే రాసారు. నాకు కంగారు అక్కడే. మొదటి ఏడాది భయంలో తల్లిదండ్రులు చేతిలో ఉన్నదంతా పెట్టేస్తారు, రెండో ఏడాదికి బాబుకి ఇంకా థెరపీ కావాలి కానీ ఇంట్లో డబ్బుండదు. బాబుకి మీ అవసరం రెండేళ్ళది కాదమ్మా, నలభై యాభై ఏళ్ళది కావొచ్చు. కాబట్టి ఎంత పెట్టగలం అని కాదు, ఎన్నేళ్ళు ఆగకుండా పెట్టగలం అని చూసుకోవాలి, నేను కింద చెప్పేదంతా ఈ ఒక్క లెక్క మీదే.

ఇక స్టెమ్ సెల్ సంగతి. ఇది డబ్బు సలహా కాబట్టి గట్టిగానే చెప్తున్నాను, దానికోసం ఒక్క గజం కూడా అమ్మొద్దు. ఐసీఎంఆర్, అంటే కేంద్ర వైద్య పరిశోధన మండలి, 2017 గైడ్‌లైన్స్ ప్రకారం కొన్ని రక్త సంబంధ జబ్బులకి చేసే మార్పిడి తప్ప మిగతా స్టెమ్ సెల్ వాడకం అంతా రీసెర్చి కిందే లెక్క, ఆటిజంకి అది సిఫార్సు చెయ్యట్లేదని నేషనల్ మెడికల్ కమిషన్ కూడా 2022లో చెప్పింది. లక్షలు తీసుకుని నయం చేస్తాం అనేవాళ్ళని ఈ రెండూ చూపించి అడగండి, ఏం చెప్తారో చూడండి. ఆ బంధువు మీ మంచి కోరే చెప్పుంటారు, కానీ ప్లాట్ పోతే మళ్ళీ రాదు. అమ్మాల్సిన రోజు ఎప్పుడైనా రావొచ్చు, అది ఇవాళ మాత్రం కాదు. ఇంకోటి, ప్లాట్‌ని బాబు పేరు మీదకి మార్చేద్దామా అని కూడా అడిగారు, వద్దు. మైనర్ పేరున ఉన్న స్థలాన్ని తర్వాత అమ్మాలంటే తల్లిదండ్రులైనా కోర్టు పర్మిషన్ తెచ్చుకోవాలి.

థెరపీ ఖర్చు దగ్గరికొస్తే, మీరు పంపిన రసీదు ఫొటో చూసాను. థెరపీ, 24,000 అని ఒకటే లైను, ఎన్ని సెషన్లో లేదు, ఎవరు చేస్తున్నారో లేదు, ఒక గీత లాంటి సంతకం. వారానికి ఐదు రోజులు, రోజుకి రెండు సెషన్లు అన్నారు కాబట్టి సెషన్ 600 పడుతోంది, పోయిన నెల బాబుకి జ్వరమొచ్చి ఆరు రోజులు వెళ్ళలేదన్నారు, అంటే 7,200 ఊరికే పోయింది, వాళ్ళు తర్వాత ఇస్తామని కూడా అనలేదు. ఈ నెల నుంచి స్పీచ్ ఎన్ని, ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ) ఎన్ని, బిహేవియర్ ఎన్ని అని విడివిడిగా రాయించుకోండి, మిస్సయిన సెషన్ ఎప్పుడిస్తారో అడగండి. స్పీచ్ థెరపిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్ వీళ్ళకి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబర్ అడగడంలో తప్పేం లేదు, సరైనవాళ్ళు ఏమీ అనుకోరు. మూడు నెలలు ముందే కట్టేస్తే 10 శాతం తగ్గిస్తాం అన్నారట, కట్టకండి, బాబుకి ఆ చోటు పడుతుందో లేదో ఇంకా తెలీదు.

వారానికి ఎన్ని సెషన్లు కావాలన్నది సెంటర్‌వాళ్ళు కాదు డాక్టర్‌గారు చెప్పాలి, నేను అసలే చెప్పకూడదు. కానీ డాక్టర్‌ని ఈ ఒక్క మాట అడగండి, ఇంట్లో మేము చేసేది నేర్పిస్తే సెంటర్ రోజులు తగ్గించొచ్చా అని. తల్లిదండ్రులకి నేర్పించే పద్ధతి ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా కేర్‌గివర్ స్కిల్స్ ట్రైనింగ్ అని పెట్టింది, ఏదో ఖర్చు తగ్గించుకోడానికి నేను చెప్తున్నది కాదు. సికింద్రాబాద్‌లో నీపిడ్ అని మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి దిగుతారు, ఒకసారి అక్కడ చూపించుకుని ఇంట్లో ఏం చెయ్యాలో అడిగి రావడం మంచిది. ఇక్కడ కేజీహెచ్ పిల్లల ఓపీలో డీఈఐసీ, అంటే చిన్నపిల్లల ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్‌కి రిఫర్ చెయ్యమనండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష వాళ్ళు నడిపే భవిత కేంద్రం మీ మండలంలో ఎక్కడుందో ఎంఈవో ఆఫీసులో కనుక్కోండి, అక్కడ ఫీజు ఉండదు. ప్రైవేట్‌లో ఉన్నంత టైమ్ ఇవ్వకపోవచ్చు, అయినా వారంలో ఒకటి రెండు రోజులు దొరికినా మీకు అంత మిగులు. మన ఊళ్ళో లెబెన్‌షిల్ఫె లాంటి స్పెషల్ స్కూళ్ళు ఏళ్ళ తరబడి ఉన్నాయి కదా, అక్కడికి పిల్లల్ని తెచ్చే తల్లులతో, ముఖ్యంగా పదిహేనేళ్ళు దాటిన పిల్లల తల్లులతో మాట్లాడండి, ఏ ఖర్చు పనికొచ్చింది ఏది దండగైంది అన్నది వాళ్ళకి తెలిసినంత ఎవరికీ తెలీదు.

సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో చెప్పే ప్రభుత్వ సర్టిఫికెట్ గురించి అత్తయ్యగారు ఒప్పుకోవట్లేదు, ముద్ర పడిపోతుందంటున్నారు అని రాసారు. ఆవిడ భయం నాకర్థమైంది. కానీ ఆ కాగితం మీరు చూపిస్తేనే ఎవరికైనా తెలిసేది, వీధిలో ఎవరూ అతికించరు, లేకపోతే మాత్రం బాబుకి రావాల్సినవి రావు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల్లో ఆటిజం ఉంది, 40 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే చాలావరకు పథకాలు వర్తిస్తాయి. వార్డు సచివాలయంలోనో మీసేవలోనో స్లాట్ బుక్ చేసుకోండి, చిన్న వయసు కాబట్టి కొన్నేళ్ళకే ఇస్తారు, గడువు తేదీ చూసుకుని మళ్ళీ వెళ్ళాలి. అది రాగానే నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఇన్సూరెన్స్‌కి పెట్టండి, ఏడాదికి లక్ష వరకు కవర్, ముందు మెడికల్ టెస్టులుండవు, కట్టేది వందల్లోనే, ఓపీకీ థెరపీకీ కూడా ఒక లిమిట్ వరకు ఇస్తారు. మామూలు హెల్త్ పాలసీలు థెరపీకి ఇవ్వడం చాలా అరుదు. బిల్లులు సరిగ్గా ఉంటేనే క్లెయిమ్ వస్తుంది, రసీదు గురించి అంత పట్టుబట్టింది ఇందుకే.

మీకు రానివి కూడా చెప్పేస్తాను, వాటికోసం తిరక్కుండా. ఎన్టీఆర్ భరోసాలో దివ్యాంగులకి నెలకి 6 వేల పెన్షన్ ఉంది కానీ దానికి ఆదాయ పరిమితి ఉంది, మీవారి జీతానికి రాదు. ఇన్‌కమ్ టాక్స్‌లో 80డీడీ కింద 75 వేలు, వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే లక్షా పాతిక వేలు తగ్గిస్తారని ఎవరో చెప్పారన్నారు, నిజమే కానీ అది పాత రెజీమ్‌లోనే, మీవారికి ఏడాదికి తొమ్మిదిన్నర లక్షల చిల్లర, కొత్త రెజీమ్‌లో జీతగాళ్ళకి 12.75 లక్షల దాకా టాక్సే లేదు, కాబట్టి కొత్తదాంట్లోనే ఉండండి. దీనికోసం ఎవరికీ ఫీజు కట్టకండి.

పాప సంగతి వేరు. ఏడీహెచ్‌డీ ఆ 21లో విడిగా లేదు, నిరామయ కూడా రాదు. కానీ చదవడం రాయడంలో కూడా ఇబ్బంది పడుతోందన్నారు కదా, స్పెసిఫిక్ లెర్నింగ్ డిజేబిలిటీ ఉందేమో టెస్ట్ చేయించండి, అది లిస్టులో ఉంది, తర్వాత బోర్డు పరీక్షల్లో ఎక్కువ టైమ్ లాంటివి వస్తాయి. చినవాల్తేరు మెంటల్ హాస్పిటల్ ఓపీకి వెళ్ళడానికి మొహమాటపడకండి, అక్కడ ప్రభుత్వ డాక్టర్లే చూస్తారు. ఇంకో మాట, ఇంటి బడ్జెట్‌లో పాప పేరు మీద స్కూలు ఫీజు తప్ప ఇంకేం కనిపించలేదు నాకు, నెలకి వెయ్యో పదిహేను వందలో అయినా తనకని విడిగా పెట్టండి, టెస్టుకీ కౌన్సెలింగ్‌కీ అది కావాలి.

ఇప్పుడు అన్నిటికన్నా పెద్దది. ఈ ఇంట్లో ఇన్సూరెన్స్ ఉండాల్సింది బాబు పేరు మీద కాదు, మీవారి మీద. ఎల్ఐసీలో 5 లక్షలుంది, హోమ్ లోన్ బాకీయే ఇంకా 19 లక్షలుంది. కనీసం కోటిన్నర టర్మ్ పాలసీ (మనిషి పోతేనే ఇంటికి డబ్బొచ్చే పాలసీ) తీసుకోవాలి, లోన్ తీర్చేసాక మిగిలిన కోటీ 31 లక్షల మీద 6 శాతం వేసుకున్నా నెలకి 65 వేల చిల్లర వస్తుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి విడిగా తీసుకునే లైఫ్ పాలసీలకి జీఎస్టీ కూడా లేదు. ఫారం నింపేటప్పుడే ఎండబ్ల్యూపీ (మ్యారీడ్ ఉమెన్స్ ప్రాపర్టీ) యాక్ట్ కింద మీ పేరూ పిల్లల పేర్లూ పెట్టమనండి, అప్పులవాళ్ళు గానీ చుట్టాలు గానీ ఆ డబ్బు మీద చెయ్యి వెయ్యలేరు. ఆ పాలసీ చేతికొచ్చాకే పాత ఎల్ఐసీని పెయిడ్-అప్ చేసెయ్యండి, అంటే ప్రీమియం ఆపేసి తగ్గిన మొత్తంతో పాలసీని అలాగే ఉంచెయ్యండి, ఎనిమిదేళ్ళు కట్టారు కాబట్టి కట్టింది మొత్తం పోదు. పీఎఫ్ నామినేషన్‌లో ఇంకా మావయ్యగారి పేరే ఉందన్నారు, ఈ వారమే మార్పించండి, పీఎఫ్‌తో ఉండే పెన్షన్ స్కీములో పూర్తిగా శాశ్వత వైకల్యం ఉన్న బిడ్డకి వయసుతో పని లేకుండా పెన్షన్ ఇచ్చే రూల్ కూడా ఉంది. తర్వాత ఇద్దరూ చెరొక వీలునామా రాయండి, మీ తర్వాత పిల్లల్ని ఎవరు చూడాలో, బాబు వాటా ఎవరి చేతిలో ఉండాలో అందులో ఉండాలి. బాబుకి 18 నిండాక కూడా సొంతంగా చూసుకోలేని పరిస్థితి ఉంటే అప్పుడు కలెక్టర్‌గారి అధ్యక్షతన ఉండే లోకల్ లెవెల్ కమిటీ గార్డియన్‌ని నియమిస్తుంది, దానికింకా టైముంది.

మీ ఉద్యోగం గురించి మీరేమీ అడగలేదు కానీ నేను చెప్పాలి. చైల్డ్ ప్లాన్, ఎల్ఐసీ రెండూ ఆపితే ఆ 8 వేల లోటు సరిగ్గా పూడుతుంది, అంతే, టర్మ్ ప్రీమియానికీ పాపకీ ఏమీ మిగలదు. మీకు నెలకి పది పన్నెండు వేలొచ్చినా ఆ రెండూ గట్టెక్కుతాయి. అత్తయ్యగారు వారానికి రెండు రోజులు బాబుని సెంటర్‌కి తీసుకెళ్తానంటే, లేదా డాక్టర్‌గారు సెంటర్ రోజులు తగ్గిస్తే, ఇంటి దగ్గర సాయంత్రం ట్యూషన్లు గానీ, స్కూల్లో హాఫ్ డే గానీ మళ్ళీ మొదలుపెట్టొచ్చు. రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదని కూడా రాసారు, టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు. ఎఫ్‌డీని మాత్రం కార్డు బాకీకి తప్ప ఇంకెందుకూ కదపకండి, కార్డు మీద ఎంత బాకీ ఉందో రాయలేదు, అది 40 వేల లోపైతే అంతవరకే ఎఫ్‌డీలోంచి తీసి మొత్తం కట్టేయండి, ఎక్కువుంటే స్టేట్‌మెంట్ పంపండి, చూసి చెప్తాను.