మెరోవింజియన్ అనే మాటకు తెలుగులో ఏం రాయాలి?

మెరోవింజియన్ అనేది ఒకప్పుడు ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతాన్ని ఏలిన ఫ్రాంకు రాజవంశం పేరు. దీనికి పర్యాయపదాలు ఏమిటి, వాక్యంలో ఎలా వాడాలి అని ఒకరు అడిగారు. నేను పాఠాలు తెలుగులోకి అనువదిస్తుంటాను. ఒకసారి ఐరోపా చరిత్ర పాఠంలో ఈ మాట పదే పదే వస్తోందని, కొన్నిచోట్ల ‘ఫ్రాంకు రాజులు’ అని మార్చేశాను. నాలుగు పేజీల తర్వాత, వాళ్లను దించి గద్దెనెక్కిన కరోలింజియన్లు వచ్చారు. వాళ్లూ ఫ్రాంకు రాజులే! 751 దగ్గరికి వచ్చేసరికి ఎవరు ఎవరిని గద్దె దించారో తెలియకుండా పోయింది. గడువు మర్నాడే, ఒకటే టెన్షన్. రాత్రంతా కూర్చుని మొత్తం దిద్దాను.

కాబట్టి ‘ఫ్రాంకు’ దీనికి పర్యాయపదం కాదు. అది జాతి పేరు, ఇది వంశం పేరు. ఈ వంశంలో పేరుమోసిన రాజు క్లోవిస్‌కు తాతగా చెప్పే మెరోవెక్ పేరు మీద వచ్చింది. చివరి ‘ఇంగ్’ ప్రత్యయానికి ఫలానావాడి సంతతి అని అర్థం. మనకు పాండు నుంచి పాండవులు, రఘు నుంచి రాఘవుడు వచ్చినట్టే. ఆ పైన ఉన్న ‘ఇయన్’ ఇంగ్లీషు తోక, మనకు అక్కర్లేదు. చాళుక్యులు అన్నంత హాయిగా ‘మెరోవింగులు’ అనొచ్చు. నేను మొదటిసారి ‘మెరోవింగ్ వంశీయులు’ అని రాసి, ఆ తర్వాత మెరోవింగుల కాలం, మెరోవింగుల లిపి అని వాడుతున్నాను. ఫ్రాంకు చక్రవర్తి షార్లమేన్‌కు మాత్రం ఈ పేరు తగిలించకండి. ఆయన కరోలింగుడు.

‘సోమరి రాజులు’ అనే మాట కూడా కనిపిస్తుంది. 639లో మొదటి డాగోబెర్ట్ పోయాక వచ్చిన రాజులకే అది వాడతారు. వంశం మొత్తానికి వాడితే క్లోవిస్‌కు అన్యాయం చేసినట్టే. పైగా వాళ్లను చేతకానివాళ్లుగా చూపించిన రచయిత ఐన్‌హార్డ్, వాళ్లను దించిన వంశం కొలువులో ఉన్నవాడు.

నాకు నచ్చిన మారుపేరు ‘దీర్ఘకేశ రాజులు’. క్లోవిస్ తండ్రి మొదటి చిల్డెరిక్ సమాధి 1653లో ఇప్పటి బెల్జియంలోని టూర్నేలో బయటపడింది. అందులో దొరికిన ముద్రటుంగరం 1831లో పారిస్‌లో దొంగల పాలైంది కానీ దాని అచ్చులు మిగిలాయి. ఆ బొమ్మలో రాజు మనకేసి సూటిగా చూస్తుంటాడు. నడినెత్తిన పాపిడి, భుజాల మీదికి జారిన జుట్టు, చేతిలో ఈటె. ఆ జుట్టే వాళ్ల రాచచిహ్నం. అందుకే 751లో ఆఖరివాడు మూడో చిల్డెరిక్‌ను దించినప్పుడు జుట్టు కత్తిరించి మఠానికి పంపించారు.