పేరు చూసి కాదు, పని చూసి చేరమనండి

ప్రశ్న: మా అమ్మాయి నెల్లూరులో బీఎస్సీ కెమిస్ట్రీ ఫైనలియర్. కాలేజీ ప్రాజెక్టులో కార్బన్ డాట్స్ తయారుచేసింది. క్వాంటమ్ డాట్స్ వెలుగు తగ్గడాన్ని బట్టి గ్లూకోజ్, డోపమైన్ (మెదడులో సంకేతాలు మోసే రసాయనం) లాంటివాటిని గుర్తించే పరిశోధన చేస్తానంటోంది. ఇంట్లోవాళ్లు బీఈడీ చేయిద్దామంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, ఇందుకూరుపేట

జవాబు: క్వాంటమ్ అనగానే చాలామందికి అమరావతి క్వాంటమ్ వ్యాలీ గుర్తొస్తుంది, కానీ దానికీ దీనికీ సంబంధం లేదండీ. అది కంప్యూటర్ల వ్యవహారం, ఇది పక్కా కెమిస్ట్రీ. 2023లో కెమిస్ట్రీ నోబెల్ క్వాంటమ్ డాట్స్‌కే వచ్చింది. బావెండి, బ్రూస్, ఎకిమోవ్ పంచుకున్నారు.

ఇవి కంటికి కనిపించని, కొద్ది నానోమీటర్ల రేణువులు. మీ అమ్మాయి చేసిన కార్బన్ డాట్స్ కూడా ఈ కోవవే. యూవీ దీపం కింద వెలుగుతాయి. గ్లూకోజ్ ఉన్న శాంపిల్‌లో గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ కలిపితే హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టి ఆ వెలుగును తగ్గిస్తుంది. దీన్నే క్వెంచింగ్ అంటారు. ఎంత తగ్గిందో కొలిచి గ్లూకోజ్ లెక్కగడతారు. చెప్పడానికి ఇంతే. చిక్కెక్కడంటే, వెలుగు తగ్గించేవి ఇంకా చాలా ఉన్నాయి. ఇనుము అయాన్లు తగ్గిస్తాయి, పీహెచ్ మారినా తగ్గొచ్చు. శాంపిల్‌కు రంగుంటే కాంతిని అదే మింగేసి, క్వెంచింగ్ జరిగినట్టే కనిపిస్తుంది. డిస్టిల్డ్ వాటర్‌లో చక్కగా వచ్చిన గ్రాఫ్ సీరంలో (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో) చెదిరిపోవడం మామూలే. మీ అమ్మాయిని ఒక్క మాట అడగండి: ‘వెలుగు తగ్గింది నువ్వు వెతికినదాని వల్లేనని ఎలా తేల్చావమ్మా?’ ఆ ప్రశ్నకు విసుక్కోకుండా, తను చేసిన పరీక్షలు వరసగా చెప్పుకొస్తే బీఈడీ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

క్వాంటమ్ డాట్స్ పేరుతో మన జిల్లాలో ఉద్యోగ ప్రకటనలు రావు. అందుకే దీన్ని అనలిటికల్ కెమిస్ట్రీగానే, అంటే శాంపిల్‌లో ఏది ఎంతుందో తేల్చే విద్యగానే చూడమంటాను. మీది రొయ్యల ప్రాంతం, ఎగుమతి సరుకులో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి నిషేధిత యాంటీబయాటిక్‌ల అవశేషాలు బయటపడితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. వాటిని పరీక్షించే ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ) ల్యాబ్ నెల్లూరులోనే ఉంది. అలాంటిచోట తుది మాట పదార్థాలను విడదీసి, బరువును బట్టి గుర్తుపట్టే ఎల్‌సీ-ఎంఎస్‌ఎంఎస్ మిషన్‌ది, డాట్స్‌ది కాదు. అయినా బ్లాంక్ (వెతికే పదార్థం లేని శాంపిల్) పెట్టడం, కాలిబ్రేషన్ (తెలిసిన మోతాదులతో గ్రాఫ్) గీయడం, రికవరీ (కలిపినదాంట్లో ఎంత తిరిగి దొరికిందో) చూడటం రెండుచోట్లా ఒకటే. ఫార్మా క్వాలిటీ కంట్రోల్‌లోనూ అడిగేది ఇదే.

ఎమ్మెస్సీకి ఐఐటీలైతే జామ్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ, కాకుటూరులోని విక్రమ సింహపురికి ఏపీ పీజీసెట్ రాయాలి. చేరేముందు అక్కడ ఈ వెలుగును కొలిచే స్పెక్ట్రోఫ్లోరిమీటర్ ఉందా అని మాత్రమే కాదు, దాన్ని విద్యార్థుల చేతికిస్తారా అని సీనియర్లను కనుక్కోమనండి. తాళం వేసి చూపించే మిషన్లు కొన్నిచోట్ల ఉంటాయి మరి! వేలు కట్టించుకుని రెండు వారాల్లో నానోటెక్నాలజీ సర్టిఫికెట్ చేతిలో పెట్టే ఆన్‌లైన్ కోర్సుల జోలికి వెళ్లొద్దు.

తర్వాత సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, పైన హెచ్ఆర్ఏ. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది. మధ్యలో పెళ్లి సంబంధాల టెన్షన్ ఎలాగూ వస్తుంది కాబట్టి ఆ విషయం ఇప్పుడే ఇంట్లో తేల్చుకోండి. జేఆర్ఎఫ్ రాకపోతే ఎమ్మెస్సీతో ల్యాబ్ ఉద్యోగం చూసుకోవచ్చు. బీఈడీ కోసం ఎడ్‌సెట్ అప్పుడు రాసినా ఆలస్యమేమీ కాదు.