స్పానిష్ వ్యాకరణం: ఇంగ్లిష్ మీదుగా వెళ్లకండి

ప్రశ్న: మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. పన్నెండో తరగతి చదువుతున్నాను. బీఏ స్పానిష్ చేయాలని ఉంది. ఇంగ్లిష్ పుస్తకంతో నేర్చుకుంటుంటే గుస్తార్ (నచ్చడం), సేర్–ఎస్తార్ (రెండూ ఇంగ్లిష్ ‘టు బి’కి సమానమైన క్రియలు), లింగాలు తికమకగా ఉన్నాయి. నాకు ఈ భాష వస్తుందా? – ఒక విద్యార్థిని

జవాబు: తప్పకుండా వస్తుంది. ప్రతి వాక్యాన్నీ ఇంగ్లిష్ మీదుగా తిప్పడం వల్లే ఈ తికమక.

ముందు గుస్తార్. ‘ఐ లైక్’ను మనసులో పెట్టుకుంటే ‘యో గుస్తో’ అని రాసేస్తారు. మరాఠీలో ‘మలా ఆంబా ఆవడతో’ (నాకు మామిడిపండు నచ్చుతుంది) అంటారు. పళ్లు ఎక్కువైతే ‘మలా ఆంబే ఆవడతాత్’. స్పానిష్‌లోనూ అంతే: ‘మే గుస్తా ఎల్ మాంగో’, ‘మే గుస్తాన్ లోస్ మాంగోస్’. ‘మే’ అంటే మన ‘నాకు’. క్రియ మామిడిపండును బట్టి మారుతుంది.

సేర్, ఎస్తార్ దగ్గర ‘శాశ్వతమైతే సేర్, తాత్కాలికమైతే ఎస్తార్’ అనే సూత్రాన్ని నమ్మకండి. చనిపోయాడు అనడానికి ‘ఎస్తా ముఎర్తో’ అంటారు. చావుకన్నా శాశ్వతం ఏముంది? మీ తెలుగునే అడగండి. ‘నేను విద్యార్థిని’లో ‘ఉన్నాను’ లేదు, అక్కడ సేర్: ‘సోయ్ ఎస్తుదియాంతే’. ‘ఇంట్లో ఉన్నాను’ అంటే ఎస్తార్: ‘ఎస్తోయ్ ఎన్ కాసా’. గుణం చెప్పేటప్పుడు తేడా ఇంకా బాగా తెలుస్తుంది. మిర్చి కారంగా ‘ఉంటుంది’: ‘ఎల్ చీలే ఎస్ పికాంతే’. ఇవాళ వంట కారంగా ‘ఉంది’: ‘లా కోమీదా ఎస్తా పికాంతే’.

ఈ ఉపాయం మూడుచోట్ల తప్పుతుంది. ‘బాసర గోదావరి ఒడ్డున ఉంటుంది’ అన్నా ఊరు ఎక్కడుందో చెబుతున్నాం కాబట్టి ఎస్తారే. పెళ్లి, సభ లాంటివి ఎక్కడ జరుగుతాయో చెప్పాలంటే సేర్: ‘లా బోదా ఎస్ ఎన్ బాసర’. బజార్లో మామిడిపళ్లున్నాయి అనడానికి రెండూ పనికిరావు, ‘ఆయ్ మాంగోస్’ అనాలి.

లింగాల విషయంలో మరాఠీ సగమే సాయం. ‘చాంగలా భాత్’ (మంచి అన్నం), ‘చాంగలీ భాకరీ’ (మంచి రొట్టె) అని విశేషణం మార్చే అలవాటు మీకుంది, అది పెద్ద ఆస్తి. కానీ ఏ పదానికి ఏ లింగమో అక్కడినుంచి తెచ్చుకోకూడదు. స్పానిష్‌లో పుంలింగ పదం ముందు ‘ఎల్’, స్త్రీలింగ పదం ముందు ‘లా’ వస్తాయి. ‘హాత్’ (చెయ్యి) మరాఠీలో పుంలింగం, స్పానిష్‌లో ‘లా మానో’ స్త్రీలింగం. ‘ప్రొబ్లేమా, సిస్తేమా, ఇదియోమా’ (సమస్య, వ్యవస్థ, భాష) గ్రీకు నుంచి వచ్చిన మాటలు, ‘ఆ’తో ముగిసినా పుంలింగాలే. ‘ఎల్ ఆగ్వా ఫ్రీయా’ (చల్లని నీళ్లు)లో నీళ్లు స్త్రీలింగమే, ఒత్తి పలికే ‘ఆ’తో మొదలైంది కాబట్టి ఏకవచనంలో ముందు ‘ఎల్’ వచ్చింది, బహువచనంలో మళ్లీ ‘లాస్ ఆగ్వాస్’. పదాన్ని ఎప్పుడూ ఎల్, లా తోనే కంఠస్థం చేయండి.

భూతకాలం మీకు భయం లేదు. ఒకసారి జరిగి ముగిసినదానికీ, అలవాటుగా జరిగినదానికీ తెలుగులోలాగే స్పానిష్‌లోనూ వేర్వేరు రూపాలున్నాయి: వెళ్లాను ‘ఫుయ్’, వెళ్లేదాన్ని ‘ఈబా’.

నోటుపుస్తకంలో తెలుగు, మరాఠీ, స్పానిష్ మూడు గడులు గీసి రోజుకు పది వాక్యాలు రాయండి. ఇంగ్లిష్ గడి వద్దు.

చదువుకు మీకు దగ్గరది హైదరాబాద్‌లోని ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం). ఢిల్లీ జేఎన్‌యూలో బీఏ ఆనర్స్‌కు సీయూఈటీ (కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) రాయాలి. స్పానిష్ ప్రావీణ్యానికి ధ్రువపత్రం ఇచ్చే దెలే పరీక్షల్లో మొదటి స్థాయి ఏ1. అందులో చదవడం–రాయడం ఒక భాగం, వినడం–మాట్లాడడం మరో భాగం. ఒక్కోదానికి 50 మార్కులు, ఒక్కోదాంట్లో 30 రావాలి. ఒకదాంట్లో 45 వచ్చినా రెండోదాంట్లో 28 వస్తే తప్పినట్టే. కాబట్టి ఆ పది వాక్యాలూ రాసి ఊరుకోకుండా పైకి చదవండి.