ఫండల్ హైట్ 3 సెం.మీ. ఎక్కువ వస్తోందంటే

ఫండల్ హైట్ అంటే ప్యూబిక్ ఎముక (పొత్తికడుపు కింది ఎముక) నుంచి గర్భాశయం పైభాగం దాకా ఎత్తు. ప్రాక్టికల్స్‌లో 26 వారాల గర్భిణికి దాదాపు 26 సెం.మీ. రావాల్సింది మీకు 29 వస్తోందంటే కారణం చాలావరకు టేపు కాదు, నిండిన మూత్రాశయం. అది గర్భాశయాన్ని పైకి నెడుతుంది.

1. ముందు మూత్రానికి వెళ్లి రమ్మనండి. ప్రాక్టికల్స్‌లో ఎక్కువమంది మరిచేది ఇదే. టెన్షన్‌లో నేనూ మరిచి మార్కులు పోగొట్టుకున్నా. చేయించడమే కాదు, ఎగ్జామినర్‌కు వినిపించేలా అడగండి.

2. వెల్లకిలా, కాళ్లు చాపి పడుకోబెట్టండి. (గ్రిప్స్, అంటే పొట్టను చేతులతో తడిమి బిడ్డ ఎలా ఉందో చూసేటప్పుడే మోకాళ్లు మడవాలి.)

3. గర్భాశయం కుడికి ఒరిగితే మధ్యకు తెచ్చి, ఎడమ అరచేతి అంచుతో ఫండస్ (గర్భాశయం పైభాగం) గుర్తించండి.

4. టేపు అంకెలు కనబడకుండా బోర్లించి, ఫండస్ నుంచి ప్యూబిక్ ఎముక పైఅంచు వరకు కొలవండి.

24 వారాలు దాటాక వారాల సంఖ్యకు 2 సెం.మీ. అటూఇటూ మామూలే. అప్పటికీ ఎక్కువుంటే చివరి నెలసరి తేదీ మళ్లీ అడగండి; కవలలు, ఉమ్మనీరు ఎక్కువ కావడం ఆ తర్వాత.