మొగ్గలు వేస్తున్న గుబురు చామంతిని ఇప్పుడు కత్తిరించవచ్చా?

మీ చామంతి ఆగస్టులో తెచ్చింది, బాల్కనీలో బాగా గుబురైంది, కొమ్మలు బయటికి వాలిపోతున్నాయి, ఇప్పుడు నవంబరులో చివర్లలో చిన్న మొగ్గలు కనిపిస్తున్నాయి, పైన ఒకసారి కత్తిరిస్తే ఇంకా ఎక్కువ పూలు వస్తాయా అని కదా అడిగారు. రావండి. పైన కత్తెర అస్సలు పెట్టకండి. చామంతికి పువ్వు వచ్చేదే కొమ్మ చివర, మీరు తీసేసేది రేపటి పూలనే. కింద నుంచి కొత్త కొమ్మ లేచి, అది మొగ్గ వేసి విచ్చుకునేసరికి రకాన్ని బట్టి రెండు మూడు నెలలు పడుతుంది, సంక్రాంతి కూడా దాటిపోతుంది.

తలలు తుంచడం వేరే కాలం పని. జూన్, జూలైల్లో పిలకలు నాటి, నాలుగైదు వారాలకు మొక్క నిలదొక్కుకున్నాక చివర చిగురు గోటితో గిల్లేస్తాం, పక్క కొమ్మలు ఐదారు ఆకులు వేశాక వాటినీ ఒకసారి గిల్లుతాం, అంతటితో ఆపేయాలి. నేను వినాయక చవితి దాటాక చిగుళ్ల జోలికి వెళ్లను.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని అంతా మొక్క లోపల, కింద ఉంది. కొమ్మలను చేత్తో మెల్లగా విడదీసి చూడండి. మట్టిని తాకుతున్న ఆకులు, పసుపు తిరిగినవి, నల్లటి మచ్చలు పడినవి ముందు తీసేయండి. ఆకుమచ్చ ఎక్కువగా కింది ఆకుల నుంచే మొదలై నీళ్లు చిందినప్పుడల్లా పైకి ఎక్కుతుంది, అందుకే నీళ్లు కూడా ఆకుల మీద కాకుండా మొదట్లోనే పోయాలి. తర్వాత నడిమధ్యలో ఎండ తగలక సన్నగా, పాలిపోయి పైకి సాగిన కొమ్మలు కనిపిస్తాయి. వాటికి పూసే బలం ఉండదు, మొదటికంటా తీసేయండి, లోపలికి గాలి ఆడుతుంది, పేనుబంక దాక్కునే చోటు తగ్గుతుంది. కానీ గాలి ఆడాలని పచ్చగా ఉన్న ఆకులన్నీ దూసేయొద్దు, మొగ్గకు తిండి పెట్టేది ఆ ఆకులే. కొంతమంది వీడియోల్లో మొక్కను సగానికి సగం ఖాళీ చేసి చూపిస్తున్నారు, నాకు అది చూస్తే బాధగా ఉంటుంది. కొంచెం తీసి, నాలుగైదు రోజులు ఆగి మళ్లీ చూసుకోండి.

వాలిపోతున్న కొమ్మలకు ఊతం ఇవ్వాలి, అది కూడా మొగ్గలు బరువెక్కకముందే. కుండీ అంచు వెంట మూడు నాలుగు సన్న వెదురు పుల్లలు గుచ్చి, వాటి చుట్టూ అరటినారతో గానీ పాత కాటన్ చీర పేలికతో గానీ వదులుగా రెండు వరసలు చుట్టండి. చామంతి కొమ్మ మొదట్లో పుటుక్కున విరుగుతుంది. ఉదయాన్నే నీళ్లు తాగి బిగుసుగా ఉన్నప్పుడు వంచకండి, మధ్యాహ్నం దాటాక మట్టి కొంచెం ఆరినప్పుడు అయితే మాట వింటుంది. ఒకేసారి లాగి కట్టకుండా, ఈరోజు కొంచెం, రెండు రోజులాగి ఇంకొంచెం దగ్గరికి తెచ్చుకోండి.

మొగ్గలు గిల్లాలా అన్నది మీకు ఎలాంటి పూలు కావాలన్న దాన్ని బట్టి ఉంటుంది. పెద్ద పూల రకమై ఒక్కో కొమ్మకు ఒక్క నిండైన పువ్వు కావాలంటే నడిమి మొగ్గ ఉంచి, దాని కింద ఆకుల సందుల్లో వచ్చేవి బఠాణీ గింజంత కాకముందే గిల్లేయండి. గుత్తిగా ఒకేసారి పూయాలంటే అందరికన్నా ముందు విచ్చుకునే ఆ నడిమి మొగ్గ ఒక్కటీ తీసేస్తే చాలు, మిగతావి సమానంగా వస్తాయి. పూజకు, మాలకు కోసుకునే చిట్టి చామంతి అయితే ఏదీ ముట్టుకోవద్దు.

మీరు రాసిన దాంట్లో నన్ను నిజంగా టెన్షన్ పెట్టింది బాల్కనీలో రాత్రంతా వెలిగే లైటు. చామంతికి మొగ్గ పట్టాలన్నా, పట్టిన మొగ్గ పెరగాలన్నా పొడుగైన చీకటి రాత్రి కావాలి. చాలా మొక్కలు పగలు, రాత్రి నిడివిని పట్టి పూస్తాయని 1920లోనే గార్నర్, అలార్డ్ అనే అమెరికా శాస్త్రవేత్తలు పొగాకు, సోయా మీద ప్రయోగాలు చేసి చూపించారు. పూత ఆలస్యం కావాలనుకునే చామంతి రైతులు అర్ధరాత్రి కొన్ని గంటలు తోటలో బల్బులు వేస్తారు, అదే పని మీ బాల్కనీ లైటు మీకు తెలియకుండా చేస్తోంది. మా ఇంట్లో మెట్ల లైటు కింద ఉన్న కుండీ డిసెంబరులోనూ ఆకులే వేస్తూ కూర్చుంది, అదే తల్లి మొక్క నుంచి తీసిన పిలకలు డాబా మీద చీకట్లో మొగ్గలతో నిండిపోయాయి. సాయంత్రం ఆరున్నర నుంచి తెల్లవారే దాకా లైటు పడని మూలకు మార్చండి, పగలు మాత్రం కనీసం ఐదారు గంటల ఎండ తగలాలి.

యూరియా లాంటి నత్రజని ఎక్కువున్న ఎరువులు ఇక ఆపేయండి, లేదంటే ఆకు పెరుగుతుంది గానీ మొగ్గ కాదు. పొటాష్ ఎక్కువ, నత్రజని తక్కువ ఉండే 13-0-45 (పొటాషియం నైట్రేట్) ఎరువు లీటరు నీళ్లకు రెండు గ్రాములు కలిపి పది రోజులకోసారి మొదట్లో పోస్తే చాలు. మొగ్గ మెడల దగ్గర పేనుబంక కనిపిస్తే నీళ్లతో కడిగి, సాయంత్రం పూట వేపనూనె కొట్టండి, విచ్చిన పూల మీద పడకుండా చూసుకోండి.

మీ కత్తెర సరదా తీరేది పూలన్నీ అయ్యాక. అప్పుడు జానెడు ఎత్తు ఉంచి మొత్తం కోసేయండి, మొదట్లో పిలకలు లేస్తాయి, వేసవిలో సగం నీడలో కాపాడితే జూన్‌లో విడదీసి కొత్త కుండీల్లో పెట్టుకోవచ్చు. లైటు దగ్గరి నుంచి మార్చాక రెండు వారాలకు మొగ్గలు ఎలా ఉన్నాయో ఫొటో పెట్టండి, ఏవి గిల్లాలో చూసి చెబుతాను.